పడి లేచిన ఈగ

నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ముప్పై ఏళ్ళపాటు ఒకే జవాబు చెప్పాను: ఈగలను పడగొట్టి, అవి ఎంతసేపటికి లేస్తాయో చూస్తుంటాను. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వించకపోతే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది, దానివల్ల లాభమేమిటని. దానికి నా దగ్గర పొట్టి జవాబు ఎప్పుడూ లేదు.

ఈమధ్య మా పాత విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరు పరిశోధక విద్యార్థులు ఇంటికి వచ్చారు. ఈగల గదిలో మీ అనుభవాలు రాసివ్వండి సార్, మాకు పనికొస్తాయి అన్నారు. పదోన్నతుల సంగతి రాయను. అవి అందరికీ ఆలస్యంగానే వస్తాయి, వచ్చాక చేతిలో ఏమీ పెరగదు. నాకు ఏమైనా నేర్పినవి నేను చేసిన తప్పులే. చాలా ఉన్నాయి, ఓపిక లేక పెద్దదాన్ని ఒక్కదాన్నే రాస్తున్నాను. తప్పు నాది. దానివల్ల పోబోయింది మాత్రం పెంచలమ్మ అనే అమ్మాయి డాక్టరేటు. చదివేవాళ్ళు ఈ ముక్క మనసులో పెట్టుకుంటే చాలు.

సీసాలో ఏముంటుంది

అరటిపండు మగ్గితే చుట్టూ ముసిరే ఎర్ర కళ్ళ చిన్న ఈగ. అదే మా సరుకు. గాజు సీసాలో అడుగున వేలెడు మందాన మేత పోసి, మూతికి దూది బిరడా పెడితే అందులోనే గుడ్లు పెట్టి, పురుగై, మళ్ళీ ఈగై తిరుగుతుంది. పది పన్నెండు రోజులకో తరం. మనిషిలో మూడు తరాలు చూడాలంటే ఒక జీవితం పడుతుంది, ఈగలో వేసవి సెలవులు చాలు.

మన కణాల్లో ఉన్నట్టే ఈగ కణాల్లోనూ మైటోకాండ్రియాలు ఉంటాయి. కణానికి అవి పొయ్యిలు. తిన్న తిండి అరిగి కట్టెపుల్లల్లా తయారయ్యాక, ఆ పుల్లను పొయ్యిలో మొదట పెట్టే చెయ్యి ఒకటి ఉండాలి. ఆ చెయ్యి పేరు సిట్రేట్ సింథేజ్. అదొక ఎంజైము. దాన్ని తయారుచేసే జన్యువు మొత్తం పోతే ఈగ బతకదు. కొంచెం పాడైతే బతుకుతుంది, ఎగురుతుంది, పెరుగుతుంది. చూడటానికి మామూలు ఈగే. కానీ సీసాను యంత్రం మీద పది సెకన్లు గడగడా కుదిపితే మూర్ఛ వచ్చినట్టు కాళ్ళు కొట్టుకుని వెల్లకిలా పడిపోతుంది. నిమిషమో రెండు నిమిషాలో అయ్యాక తనే లేస్తుంది. మామూలు ఈగ అదే కుదుపుకు రెక్కలు దులుపుకుని నడిచిపోతుంది.

మనుషుల్లోనూ పొయ్యి సరిగా మండని జబ్బులున్నాయి. అలాంటి కొందరు పిల్లలకు మూర్ఛలు వస్తాయి. ఈగ ఎందుకు పడుతోందో తెలిస్తే ఆ పిల్లల గురించి ఒక చిన్న సంగతి తెలుస్తుందేమోనని ఆశ. పైన చెప్పిన రెండో ప్రశ్నకు జవాబు ఇదే. పెళ్ళి భోజనాల దగ్గర ఇంత చెప్పలేం కదా.

కిరాణా కొట్టు చదువు

మాది బుచ్చిరెడ్డిపాలెం. నాన్నది కిరాణా కొట్టు. వీధికి రెండు వైపులా కొట్లే. మా ఇంట్లో పిల్లలకు మాటలు వచ్చేది బేరాలు వినే. పెద్ద చదువులు తర్వాత చదివాను గానీ, నా చేతులు, నోరు తయారైంది అక్కడే.

నోరు సంగతి ముందు. ఎదుటివాడు చెప్పిన మొదటి మాట అసలు మాట కాదని నా గట్టి నమ్మకం. మా హెడ్ సరోజినమ్మ గారి దగ్గర కూడా అదే చూపించాను. ఈగలను చల్లగా ఉంచే పెట్టె ఒకటి కావలసి వచ్చి, తెలివిగా రెండు అడిగాను. ఆమె ఒకటి మంజూరు చేసి సంతకం పెడుతూ అన్నారు:

"ఏమయ్యా, నీకు కావాల్సింది ఒకటేనని నాకు తెలుసు. ఒకటే అడిగుంటే రెండిచ్చేదాన్ని."

"నిజంగానా మేడమ్?"

"నిజమో కాదో ఇంక నీకెట్టా తెలుస్తది? పో, పోయి ఆలోచించుకో."

పదవీ విరమణ అయి ఇన్నాళ్ళయినా ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. నేను చూసిన పైవాళ్ళలో మంచి మనిషి ఆమే. మిగతావాళ్ళు రెండు అడిగితే సున్న ఇచ్చి, కమిటీ వేసేవాళ్ళు.

ఇక చెయ్యి. కొట్టులో బెల్లం, చక్కెర డబ్బాలుంటాయి. మా వైపు గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. బెల్లం చెమర్చి డబ్బాకు అతుక్కుంటుంది. దాన్ని ఖాళీ చెయ్యాలంటే డబ్బా బోర్లించి అడుగున అరచేత్తో మూడు దెబ్బలు వెయ్యాలి. మొదటిది కదలడానికి, రెండోది ఊడటానికి, మూడోది మిగిలింది రాలడానికి. ఏడేళ్ళ వయసులో పట్టుబడిన విద్య అది. చెమర్చిన డబ్బా చూస్తే చాలు, చెయ్యి దానంతటదే లేస్తుంది.

దేవదానం తెచ్చిన బెల్లం

ఈగలకు మేత వండేవాడు దేవదానం. అటెండరు, నాకంటే వయసులో రెండేళ్ళు పెద్ద. ఆదివారం చర్చిలో పాటలు పాడించేవాడు, మిగతా ఆరు రోజులు పెద్ద గిన్నెలో రవ్వ, బెల్లం, ఈస్టు కలిపి తిప్పుతూ అవే పాటలు సన్నగా పాడేవాడు. కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక మాట: ఈగల గదిలో ఆచార్యుడు నెల రోజులు సెలవు పెట్టినా ఫర్వాలేదు, మేత వండేవాడు రెండు రోజులు రాకపోతే పరిశోధన చచ్చిపోతుంది. ఆ మనిషితో మర్యాదగా ఉండండి.

ఒకసారి మామూలు బెల్లం అయిపోతే దేవదానం బోగోలు దగ్గర తన ఊరి నుంచి తాటిబెల్లం తెచ్చాడు. "ఈగలకేం తెలుస్తాది సార్, తీపైతే చాలు," అన్నాడు. సరేనన్నాను. ఆ వారం పెంచలమ్మ చేసిన కుదుపు పరీక్షలో ఒక వింత కనిపించింది. పాత సీసాల్లో మామూలు మేత తిన్న జబ్బు ఈగలు ఎప్పటిలాగే పడిపోయాయి. తాటిబెల్లం తిన్నవి నిలబడ్డాయి.

పెంచలమ్మది అల్లూరు వైపు. వాళ్ళ నాన్న రొయ్యల గుంటల దగ్గర మేత చల్లే పని చేసేవాడు. ఆమె నా దగ్గర చేరి మూడేళ్ళు దాటింది. మే నెలాఖరుకు సిద్ధాంత గ్రంథం సమర్పించాలి. సమర్పిస్తే ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరరు ఉద్యోగం ఇస్తామని మాట ఇచ్చారు. లేకపోతే రొయ్య పిల్లల హేచరీలో టెక్నీషియన్ పని, వాళ్ళ నాన్న అప్పటికే మాట్లాడి పెట్టాడు. "మే దాకా చూస్తాడంట సార్ మా నాయన. ఆ తర్వాత సదువు మాటెత్తొద్దన్నాడు," అని ఆమే నాతో చెప్పింది.

అప్పటిదాకా ఆమె చేతిలో చెప్పుకోదగ్గ ఫలితం లేదు. తాటిబెల్లం దేవుడు పంపినట్టు వచ్చింది.

"ఎందుకు నిలబడినాయి సార్?" అని అడిగింది.

"కారణం తర్వాత చూద్దాం. ముందు నిలబడినాయి కదా," అన్నాను.

ఒక శాస్త్రవేత్త అనకూడని మాటల్లో ఇది మొదటిది. నేను దాన్ని నవ్వుతూ అన్నాను. అంతటితో ఆగకుండా ఒక సదస్సులో ఆ సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను, ఒక పత్రికకు వ్యాసం పంపాను. పెంచలమ్మ గ్రంథంలో నాలుగో అధ్యాయం, అంటే గుండెకాయలాంటిది, ఆ బెల్లం మీదే నిలబడింది.

నేను ఊళ్ళో లేని మూడు రోజులు

పరీక్ష రోజున ఈగలను మేత సీసా నుంచి ఖాళీ సీసాలోకి మార్చే పని ఎప్పుడూ నేనే చేసేవాణ్ణి. పిల్లలు చేస్తే రెండు ఎగిరిపోతాయని, నా చెయ్యి మీద నాకు నమ్మకం. మార్చాక గంటసేపు సీసాను ముట్టుకోకూడదని పద్ధతి. సాయంత్రం ఐదుకు గదిలో ఏసీ ఆపేసేవాళ్ళు, వేడెక్కితే ఈగల తీరు మారిపోతుంది. అందుకని ఆ గంటతో కూడా బేరమాడాను. గంట నుంచి అరగంటకు, అరగంట నుంచి పది నిమిషాలకు దింపాను. పద్ధతి ఎదురు మాట్లాడదు కదా, తేలిగ్గా దిగింది.

మార్చిలో జవాబు పత్రాలు దిద్దడానికి మూడు రోజులు తిరుపతి వెళ్ళాను. తిరిగివచ్చేసరికి పెంచలమ్మ నా గది బయట బల్ల మీద కూర్చుని ఉంది.

"సార్, పడిపోతుండాయి సార్."

"ఏవమ్మా?"

"తాటిబెల్లం ఈగలు. మూడు దినాలు చేసినాను. అన్నీ పడిపోతుండాయి."

"మిషన్ వేగం ఎక్కువ పెట్టుంటావు."

"మార్కు మీదే పెట్టినాను సార్."

"సీసాల మీద పేర్లు తారుమారైనాయేమో."

"మూడు దినాలూ తారుమారైతాయా సార్?"

నాకు కోపం వచ్చింది. నీకు చెయ్యి కుదరలేదు, రా నేను చూపిస్తాను అని ఈగల గదిలోకి నడిచాను. దేవదానం సీసాలు కడుగుతున్నాడు. మామూలు మేత సీసా తీసి ఖాళీ సీసా మీద బోర్లించి వేలికొసతో తట్టాను. ఆ మేత గట్టిది, ఈగలు వాటంతట అవే జారాయి. తర్వాత తాటిబెల్లం సీసా తీశాను. అది చెమర్చి ఉంది, ఈగల కాళ్ళు మేతకు అంటుకున్నాయి. బోర్లించి అడుగున అరచేత్తో వేశాను, ఒకటి, రెండు, మూడు. కింద సీసాకు బిరడా పెట్టి పక్కన ఉంచి, ఇంకోటి తీయబోయాను.

పెంచలమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ మూడేళ్ళలో ఎప్పుడూ అలా చెయ్యలేదు.

"సార్, దీన్ని చూడండి."

"ఏం చూడాలి? ఇంకా మిషన్ మీద పెట్టలేదుగా."

"అందుకే చూడండి."

భూతద్దం అందించింది. ఖాళీ సీసా అడుగున ఈగలన్నీ వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. యంత్రం ఇంకా వాటిని తాకనే లేదు. చూస్తుండగానే ఒక్కొక్కటిగా తిరగబడి లేచాయి. పది నిమిషాలయ్యాక యంత్రం మీద పెట్టాం. ఒక్కటీ పడలేదు.

మూర్ఛ వచ్చి లేచిన ఈగకు కొంతసేపటి వరకు మళ్ళీ రాదు. ఎంత కుదిపినా నిలబడుతుంది. గంటసేపు ఆగమనే పద్ధతి పెట్టింది అందుకే. ఇది నాకు కొత్త సంగతి కాదు. ఏటా నల్లబల్ల మీద రాసి పాఠం చెప్పింది నేనే. కానీ నా ఈగలు నా అరచేతి కింద ముందే పడి లేస్తున్నాయని ఒక్కసారీ చూడలేదు. ఆ నిమిషంలో నా కళ్ళు ఎప్పుడూ తర్వాతి సీసా మీదే ఉండేవి. తాటిబెల్లం ఏ జబ్బునూ నయం చెయ్యలేదు. చెమర్చిన బెల్లాన్ని చూసి నా చెయ్యి కొట్టులోకి వెళ్ళిపోయింది, అంతే.

"మీరే కొట్టినారు సార్," అంది పెంచలమ్మ. గొంతులో నింద లేదు. నాలుగో అధ్యాయం పోయిందని ఆమెకు అప్పటికే అర్థమైంది. ఆమె చూపు గోడ మీది క్యాలెండరు వైపు ఉంది.

బేరం

మర్నాడు వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాశాను. అది కష్టమైన పని కాదు, ముఖం చూపించనక్కర్లేదు. కష్టం గ్రంథం దగ్గర వచ్చింది.

"మొత్తం తీసెయ్యాల్నా పెంచలమ్మా? 'కొన్ని పరిస్థితుల్లో నిలబడ్డాయి' అని రాస్తే సరిపోదా?"

"ఏ పరిస్థితుల్లో సార్? మీరు కొడితేనా?"

తొట్టి దగ్గర దేవదానం నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలంటే గడువు పెంచమని విశ్వవిద్యాలయాన్ని అడగాలి. ఆ దరఖాస్తులో 'జాప్యానికి కారణం' అని ఒక గడి ఉంటుంది, గైడు, అంటే నేను, నింపాలి. సరోజినమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. ఆమె చుట్టూ తిప్పకుండా చెప్పారు:

"స్టూడెంట్ తప్పని రాస్తే గడువు ఇయ్యరు. గైడు తప్పని రాస్తే ఇస్తారు. కానీ ఆ గైడుకు ఇంకో స్టూడెంట్‌ని ఇయ్యరు. నీకింకా నాలుగేళ్ళ సర్వీసు ఉండాది. ఏం రాస్తావో నువ్వే రాసుకో."

నేను నా విద్యలన్నీ బయటికి తీశాను. మొదట 'పరికరం లోపం' అని రాశాను. దేవదానం అది చదివి చేతులు తుడుచుకుని వచ్చాడు.

"మిషన్ నా చేతిలో ఉండాది సార్. పదకొండేళ్ళుగా నూనె నేనే వేస్తుండా. దానికేం రోగం?"

"ఊరికే అలా రాస్తారు దేవదానం. ఎవరూ పట్టించుకోరు."

"పట్టించుకోనప్పుడు మీ పేరే రాసుకోండి సార్."

దాన్ని కొట్టేసి 'ప్రయోగ విధానంలో లోపం చోటుచేసుకున్నందువల్ల' అని రాశాను. మా వృత్తిలో ఇలాంటి వాక్యాలు ఎన్నో ఉంటాయి. వాటిలో పనులన్నీ జరుగుతాయి, చేసినవాళ్ళు మాత్రం కనపడరు. పెంచలమ్మ చదివింది.

"ఎవరి లోపం సార్?"

"చదివేవాళ్ళకు అర్థమవుతుందిలేమ్మా."

"అర్థం కాకపోతే నాదే అనుకుంటారు. సీసాలమీద ఉండేది నా పేరు."

"పోనీ, ఇద్దరిదీ అని రాద్దాం. చెరి సగం."

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది.

"సార్, మీరు తిరపతికి పోయినప్పుడు పడినాయని నేను ఎవరికీ చెప్పకుండా గమ్మునుండి, మీరొచ్చినాక మళ్ళీ మీ చేత్తోనే సీసా మార్పించుకోని ఉంటే, నా పుస్తకం ఈపాటికి బైండింగులో ఉండేది. మా నాయనకు కూడా చెప్పేసి ఉండేదాన్ని. నేను చెప్పినాను. చెప్పినందుకు సగం నాదా?"

బేరంలో ఎదుటివాళ్ళు చెప్పే మొదటి మాట అసలు మాట కాదన్నాను కదా. ఆమె మొదటి నుంచీ ఒకటే మాట మీద ఉంది. దిగడానికి ఆమె దగ్గర మెట్టు లేదు. నేను కొత్త కాగితం తీసుకుని ఇలా రాశాను: 'పరీక్షకు ముందు ఈగలను సీసా మార్చింది నేను. గట్టిగా కొట్టింది నేను. గంట ఆగవలసింది పది నిమిషాలు చాలన్నది నేను. విద్యార్థిని తప్పు ఏమీ లేదు. ఈ తప్పును కనిపెట్టింది ఆమే.'

సరోజినమ్మ గారు రెండుసార్లు చదివారు. "కాస్త తగ్గించి రాయమని చెప్పనా?" అని అడిగారు. వద్దన్నాను. సంతకం పెట్టారు.

తర్వాత

ఆరు నెలల గడువు ఇచ్చారు. వాళ్ళ నాయన దగ్గర ఇంకో ఆరు నెలలు పెంచలమ్మ ఎలా సంపాదించిందో నాకు తెలియదు; ఆ బేరం నా బేరాలకంటే గట్టిది అయ్యుంటుంది. గ్రంథం పూర్తిచేసింది. ఫలితం చిన్నది: ఈ జన్యువు పాడైన ఈగలకు తాటిబెల్లం వల్ల మేలూ లేదు, కీడూ లేదు. దానితో పాటు, సీసా మార్చే తీరు పరీక్షను ఎలా మోసం చేస్తుందో ఒక అధ్యాయం రాసింది. పరీక్షకులు మెచ్చుకున్నది దాన్నే. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోంది.

నాకు ఇంకో విద్యార్థిని ఇవ్వలేదు. ఆ నాలుగేళ్ళూ పాఠాలు చెప్పి, పేపర్లు దిద్ది, ఖాళీగా ఉన్నప్పుడు దేవదానం పక్కన సీసాలు కడిగాను. నిజం రాసినందుకు మనసు తేలికపడిందని చెబితే అబద్ధం. చాలా రోజులు ఆ కాగితం మీద నాకు గుర్రుగానే ఉండేది, ఇంకొంచెం తెలివిగా రాసి ఉండవచ్చు కదా అని. ఆ రోజు బేరమాడి అలసిపోయి రాశాను, అంతకంటే పెద్ద మాట లేదు. కొత్తవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే: మీరు చదివినది మీ తలలో ఉంటుంది, మీరు పెరిగిన చోటు మీ చేతుల్లో ఉంటుంది. పరీక్ష చేసేది చేతులు. వాటిని ఇంకొకరిని చూడమనండి.

గడువు వచ్చాక మళ్ళీ మొదలుపెట్టిన మొదటి రోజు సంగతి రాసి ఆపుతాను.

పెంచలమ్మ ఈసారి కొట్టడం అనేదే లేకుండా ఈగలను మార్చే ఏర్పాటు చేసింది. మేత సీసా కింద, ఖాళీ సీసా పైన, మూతికి మూతి కలిపి నిలబెట్టింది. కింది సీసాకు నల్లగుడ్డ చుట్టి, పైన దీపం పెట్టింది. ఈగ వెలుగు వైపు, పైకి పాకుతుంది. దానంతటది ఎక్కాలి, మనం ఆగాలి. నేను పక్కన నిలబడ్డాను.

"సార్, చేతులు ఎనక్కి పెట్టుకోండి," అంది.

పెట్టుకున్నాను. దేవదానం పాట ఆపేసి వచ్చి నిలబడ్డాడు. మొదటి ఐదు నిమిషాల్లో సగం ఎక్కేశాయి. తర్వాత ఒక్కొక్కటిగా. చెమర్చిన మేతలోంచి కాళ్ళు పీక్కుని, గాజు మీద రెండడుగులు ఎక్కి, ఆగి, మళ్ళీ ఎక్కి. అరగంట దాటింది. పెంచలమ్మ గుడ్డ కొద్దిగా ఎత్తి చూసింది.

"ఒకటి ఇంకా ఉండాది సార్."

"ఒక్కటేగా, వదిలెయ్యమ్మా. మిగతావాటితో మొదలుపెట్టు," అన్నాను.

"అన్నిటికంటే బలం తక్కువది అదే కదా సార్. దాన్ని వదిలేస్తే మనం ఇంక దేన్ని పరీక్ష చేస్తున్నట్టు?"

స్టూలు లాక్కుని కూర్చుంది. నేనూ ఒకటి లాక్కున్నాను.